ఫుల్ టికెట్

జూన్ 6

అక్కా,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటని ఆశ్చర్యపోకు. ఫోన్లో నేను రెండు మాటలనేలోపు నువ్వు నాలుగంటావు. నేను ఏడుస్తాను, నువ్వు "ఏడవకే" అని అరుస్తావు, చివరికి ఎందుకు చేశానో మర్చిపోయి పెట్టేస్తాను. కాగితమైతే నన్ను పూర్తిగా చెప్పనిస్తుంది. నువ్వూ ఉత్తరమే రాయి.

నిన్న పిల్లకి, అదే మన కందిరీగకి, రక్తం ఎక్కించడానికి వెళ్ళాం. డాక్టరమ్మ కార్డు తిరగేసి, "ఆగస్టుకి పద్దెనిమిది నిండుతాయి కదమ్మా, ఆ తర్వాత పెద్దల ఆసుపత్రికి వెళ్ళండి" అంది, పక్కింటికి వెళ్ళమన్నంత తేలిగ్గా. ఒక చీటీ రాసిచ్చి తర్వాతి పిల్లాణ్ణి పిలిచేసింది.

నీకు తెలుసుగా, దానికి ఏడాదైనా నిండకముందు నుంచీ మూడు వారాలకోసారి వెళ్తున్న చోటు అది. తలసేమియా అన్న మాట పలకడం నాకు నేర్పిందే ఆ వార్డు. గోడ మీద జిరాఫీ బొమ్మ, దాని మెడ పొడవునా పిల్లల ఎత్తు కొలిచే గీతలు. కిటికీ కింద అమ్మలం కూర్చునే బల్ల. అక్కడి సిస్టర్‌కి నేను నోరు విప్పక్కర్లేదు. ఎడమ చెయ్యి, మణికట్టుకి పైన, సన్న సూది. చేతులు కడుక్కుంటూనే ఆమే అంటుంది.

పెద్దల ఆసుపత్రి ఎలా ఉంటుందో చూద్దామని ఇవాళ పొద్దున ఒక్కదాన్నే వెళ్ళాను. పొడుగాటి హాలు, సగం దాకా ఆకుపచ్చ రంగు, దగ్గే మగాళ్ళు, టోకెన్ల కిటికీ. లోపలున్న మనిషి తలెత్తకుండా "ఎవరికి?" అన్నాడు. మా అమ్మాయికి అన్నాను. "పిల్లలైతే పిల్లలాసుపత్రికి తీసుకెళ్ళమ్మా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కందిరీగ మాత్రం నిన్న డాక్టరమ్మ మాటకి "సరే" అని ఊరుకుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కండక్టరు ఎప్పట్లాగే దానికి హాఫ్ టికెట్ కొట్టాడు. ఈ జబ్బు దాన్ని ఎదగనిస్తేగా, ఇప్పటికీ పన్నెండేళ్ళ పిల్లలాగే ఉంటుంది. అది అతనితో గొడవ పెట్టుకుంది, "నాకు ఫుల్ టికెట్ కొట్టండి" అని. "పోనీలేవే, ఇచ్చింది తీసుకో" అన్నాను. ఇల్లు చేరేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పాపం, భయపడిపోయింది.

నీకు పత్రిక ఉంది, కలం ఉంది, అన్నిటికీ మించి నోరుంది. ఏదైనా రాయి అక్కా.

నీ చెల్లి

జూన్ 15

ఏమే చెల్లీ,

నీ ఉత్తరం ప్రెస్సులో చదివాను. చదువుతూ మెషీను కంటే గట్టిగా అరిచానట. కంపోజింగ్ కుర్రాళ్ళు కరెంటు షాక్ కొట్టిందేమోనని మెయిన్ ఆపేశారు.

కొట్టింది షాకే. ఒక పిల్లని పదిహేడేళ్ళు చెయ్యి పట్టుకుని నడిపించి, పద్దెనిమిదో పుట్టినరోజు తెల్లారేసరికి నడిరోడ్డు మీద ఆ చెయ్యి వదిలేసి "ఇక నువ్వు పెద్దదానివి" అనేవాళ్ళని ఏమనాలి? ఎర్రకణాలకి ఓటు హక్కు వచ్చిందా? జబ్బు కేకు కోసిందా? పిల్లల డాక్టరు పిల్లని బతికించానని మురిసిపోతాడు. ఈ జబ్బున్న పిల్లలు కూడా పెద్దవాళ్ళవుతారన్న సంగతి తనకి ఎవరూ చెప్పనట్టు కూర్చుంటాడు పెద్దల డాక్టరు. ఇద్దరి మధ్యా గొయ్యి. అందులో ఎందరు పడిపోయారో లెక్క రాసేవాడు లేడు. రాస్తే ఇద్దరిలో ఒకరిని అడగాల్సొస్తుంది మరి! బడి మారితే బదిలీ కాగితం ఇస్తారు. ఉద్యోగం మారితే పాతవాడు కొత్తవాడికి పని అప్పజెప్తాడు. బతికున్న మనిషిని అప్పజెప్పడానికి మాత్రం చీటీ ముక్క!

నువ్వు తల వంచకు. ఆ తేదీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. మనిషి రాసిందే. మనిషి రాసినదాన్ని మనిషే మార్చాలి. ఆఫీసుకి వెళ్ళు, బల్ల గుద్ది అడుగు, తేదీ మార్చేదాకా కదలకు. మెతకగా ఉంటే మొత్తబుద్ధేస్తుంది ఈ లోకానికి.

నేను వ్యాసం రాసేశాను. వచ్చే నెల సంచికలో వస్తుంది. కందిరీగ ఏమంటోంది? ఏమంటుందిలే, గూట్లోంచి తోసేస్తుంటే పిచ్చుకపిల్ల ఏమంటుంది! ఆ మాటే పేరు పెట్టాను: 'గూట్లోంచి తోసేసిన పిచ్చుక'.

మా మరిదిగారేమంటారు? లారీ దిగి ఇంటికొచ్చినప్పుడైనా నోరు తెరుస్తాడా, "మీ ఇష్టం" అని మళ్ళీ లారీ ఎక్కేస్తాడా?

అక్క

జూలై 2

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను! తేదీ మార్చేదాకా కదల్లేదు.

మొన్న కందిరీగ చేతికి రక్తం ఎక్కుతుండగా నేను కార్డుల గదికి వెళ్ళాను. అక్కడి గుమస్తా నీకు గుర్తుండకపోవచ్చు, మందపాటి కళ్ళద్దాలాయన. ఒకప్పుడు ఆయన కూతురిదీ మన పిల్లదీ పక్కపక్క మంచాలే. ఆ పిల్ల పెద్దల ఆసుపత్రికి మారాక ఒకసారి వెళ్ళిందట, రెండోసారి వెళ్ళలేదట. కొత్త చోట ఎవరూ రాలేదేమని అడగలేదు. పాత చోట, పంపించేశాం కదా అనుకున్నారు. ఏడాది తిరక్కుండానే పోయింది.

ఆయనకి విషయం చెప్పి, నీ ఉత్తరంలో మాటే అన్నాను, మనిషి రాసినదాన్ని మనిషే మార్చాలని. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత కార్డు మీదా కంప్యూటర్లోనూ పుట్టిన సంవత్సరం దిద్దేశాడు. ఇప్పుడు మన కందిరీగకి వచ్చే ఆగస్టుకి పదహారు! ఇంకో రెండేళ్ళు జిరాఫీ దగ్గరే. చూసినవాళ్ళెవరికీ అనుమానం రాదు, ఆ ఒడ్డూపొడుగూ అలాంటిది.

నీ వ్యాసం బల్ల మీద అందరం చదువుకున్నాం. ఒకామె పైటతో కళ్ళొత్తుకుంది. కందిరీగ కూడా చదివింది. పత్రిక మడిచి బల్ల కింద పడేసింది. తేదీ సంగతి దానికి చెప్పలేదులే. చిన్నపిల్ల, ఎక్కడైనా వాగేస్తుంది.

ఒక్కటే బెంగ. ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో చేరే ఇనుము పెరిగిపోయిందట ఈసారి పరీక్షలో. దాన్ని దించే బిళ్ళలు రోజూ నేనే చేతిలో పెడుతున్నాను, నా ఎదురుగానే మింగుతోంది. కంపెనీ మందే బాగోలేదేమో. దీని మీద కూడా ఒక వ్యాసం రాస్తావా?

నీ చెల్లి

జూలై 10

చెల్లీ,

నేను మార్చమన్నది ఆసుపత్రి రూలు. పిల్ల పుట్టిన సంవత్సరం కాదే తల్లీ!

ప్రెస్సులో ఇరవయ్యేళ్ళుగా ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళు ఎలా చదువుతారో చూస్తూనే ఉన్నాను, ఇలా మాత్రం చూడలేదు. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది నీ వరస. నేను ఊరంతటికీ తలుపు పెట్టమంటే, నువ్వు నీ ఒక్కదాని కోసం కిటికీ చువ్వ వంచి దూరావు. ఎల్లుండి ఇంకో తల్లి వస్తుంది, ఆ తల్లికి కళ్ళద్దాలాయన తెలియదు. ఆ పిల్ల సంగతేంటి? ఇది పోరాటం కాదు. దొంగదారి.

ఇంకో మాట. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. కందిరీగ నాకు ఫోన్ చేసింది. వ్యాసానికి మెచ్చుకుంటుందనుకుని సర్దుకుని కూర్చున్నాను. "పెద్దమ్మా, నన్ను తోసేశారని నీకెవరు చెప్పారు?" అంది. "ఆ జిరాఫీని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పక్క మంచం మీద పాలసీసా పట్టుకున్న పిల్లాడు ఉంటాడు. నేను కాలేజీ పుస్తకం చదువుకుంటుంటే సిస్టర్ వచ్చి బుగ్గ గిల్లుతుంది. నేనే వెళ్ళిపోదామనుకుంటుంటే నువ్వు నన్ను పిచ్చుకని చేశావు. నేను పిచ్చుకని కాదు" అంది. పెద్దల ఆసుపత్రికి ఒక్కతే బస్సెక్కి వెళ్ళి చూసొచ్చిందట. రక్తం జబ్బులు చూసే డాక్టరు వారానికోసారి అక్కడ కూర్చుంటాడట, ఆయనతో మాట్లాడిందట కూడా. నువ్వు టోకెన్ల కిటికీ దగ్గరే వెనక్కి తిరిగావు. అది లోపలికి వెళ్ళింది.

నాకు కోపమొచ్చింది, దాచను. నీ కోసమే కదే రాశాను అన్నాను. "నా కోసం రాసేముందు నన్నడగాలి కదా" అని పెట్టేసింది. నాకే పాఠం చెప్తుందా గుప్పెడంత పిల్ల!

దానికి తెలిసేలోపు ఆ తేదీ మళ్ళీ మార్పించు. వెంటనే.

అక్క

ఆగస్టు 1

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజే దాన్ని నిలదీశాను. నాకు చెప్పకుండా ఆ ఆసుపత్రికి ఎందుకెళ్ళావన్నాను. "నీకు చెప్తే నువ్వు రాకుండా ఉంటావా? వస్తే నన్ను మాట్లాడనిస్తావా?" అంది. తర్వాత "పెద్దమ్మ చెప్పిందా? ఇద్దరూ ఒకటే" అని తలుపు ధడాలున వేసుకుంది. అప్పట్నుంచి ఇంట్లో మాటల్లేవు. ఏదైనా కావాలంటే వాళ్ళ నాన్నతో ఫోన్లో చెప్తుంది, ఆయన లారీ ఆపి నాకు ఫోన్ చేసి "దానికి తువ్వాలు కావాలట" అంటాడు. పక్క గదిలోనే ఉన్నానక్కా నేను.

నీకు నవ్వొస్తే నవ్వుకో.

ఊరంతటికీ తలుపు పెట్టేదాకా నేను ఆగాలంటావు. నా కూతురి ఒంట్లో రక్తం ఆగదు. నువ్వు నెలకో వ్యాసం రాస్తావు, జనం చదివి పత్రిక మడిచి పెట్టేస్తారు. దానికి జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టేది నేను. నీకు పిల్లల్లేరు. ఈ మాట ఎప్పుడూ అనకూడదనుకున్నాను, అనేశాను, కొట్టెయ్యను.

తేదీ మార్పించను. రెండేళ్ళు నన్ను తిట్టుకోనీ, నాతో మాట్లాడకపోనీ. కళ్ళద్దాలాయన కూతురు ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడటం లేదు.

నీ చెల్లి

ఆగస్టు 12

చెల్లీ,

పిల్లల్లేరు, నిజమే. అందుకే ఏ పిల్లా నా సొంతం కాదని తెలుసుకోవడం నాకు సులువు. నీకు కష్టం. అంతవరకు ఒప్పుకుంటాను, అంతకు మించి అంగుళం కూడా ఒప్పుకోను.

భయం నీ ఒక్కదానిదే అనుకుంటున్నావు. ఆ గుమస్తా కూతురు పెద్దల ఆసుపత్రికి వెళ్ళినందుకు పోలేదే. రెండోసారి రాలేదేమని అడిగే మనిషి లేక పోయింది. అంతకుముందు పద్దెనిమిదేళ్ళూ డాక్టరు అడిగిన ప్రతిదానికీ వాళ్ళమ్మే జవాబు చెప్పుంటుంది, ఇప్పుడు నువ్వు చెప్తున్నట్టే. తన మందు పేరు తనకి తెలియదు, తన డాక్టరుతో తను మాట్లాడి ఎరగదు. అలాంటి పిల్లని ఒక్కసారిగా ఆ హాల్లో నిలబెడితే ఏం చేస్తుంది? ఈత నేర్పకుండా నడిఏట్లో దింపి, మునిగితే నీళ్ళది తప్పన్నట్టుంది.

నువ్వు ఆ పిల్లని నీళ్ళ దగ్గరికే రానివ్వనంటున్నావు. రెండేళ్ళ తర్వాత మాత్రం ఈత ఎక్కణ్ణుంచి వస్తుంది?

పందొమ్మిదిన దానికి పద్దెనిమిది. నీ కార్డు ఏమన్నా సరే, దానికి పద్దెనిమిది. నా తరఫున ముద్దు పెట్టు. పెట్టనిస్తే.

అక్క

సెప్టెంబరు 9

అక్కా,

పిల్ల బతికే ఉంది. అది ముందు చదివి, తర్వాత కూర్చుని మిగతాది చదువు.

పోయిన నెలాఖర్న దాని వంతు వచ్చింది. "కాలేజీ నుంచి అటే వెళ్ళి ఎక్కించుకుని వస్తా, నువ్వు రానక్కర్లేదు" అంది. ఇన్నాళ్ళ తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట అదే, ఆ సంబరంలో సరే అన్నాను. అది జిరాఫీ దగ్గరికి వెళ్ళలేదు. డాక్టరమ్మ ఇచ్చిన చీటీ ఇంకా దాని దగ్గరే ఉంది. పట్టుకుని పెద్దల ఆసుపత్రికి వెళ్ళింది. తన అసలు తేదీ చెప్పింది. వాళ్ళు దాని రక్తానికి సరిపడేది వెతకడానికి కాస్త తీసి బ్లడ్ బ్యాంకుకి పంపారు.

రెండు ఆసుపత్రులకీ ఒకటే బ్లడ్ బ్యాంకు అని నాకేం తెలుసక్కా.

అక్కడ దాని పాత వివరాలన్నీ ఉన్నాయి. అదే పేరు, అదే తండ్రి పేరు, అదే ఇల్లు. పుట్టిన సంవత్సరం మాత్రం వేరు. ఇద్దరా, ఒకరా? ఒక్క అక్షరం తేడా ఉన్నా రక్తం బయటికి ఇవ్వరట, ఒకరిది ఇంకొకరికి ఎక్కితే మనిషి మిగలదు కాబట్టి. తీసిన రక్తం పారబోసి మళ్ళీ తియ్యమన్నారు. మళ్ళీ అదే తేడా. పిల్లల ఆసుపత్రిని అడిగితే, కార్డు చూసి ఆ అమ్మాయికి పదహారే అన్నారు. ఇది టోకెన్ల కిటికీ దగ్గర నిలబడి "నాకు పద్దెనిమిది" అని చెప్తూనే ఉందట. వాళ్ళు దీని ఎత్తు చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారట. "వెళ్ళి మీ అమ్మని తీసుకురా పాపా" అన్నారట.

ఆ మాటన్నాక తీసుకొస్తుందా అది? నీ పోలిక కదా.

పోనీ జిరాఫీ దగ్గరికి తిరిగి వెళ్ళిందా అంటే, వెళ్ళలేదు. నాకేమో ఎక్కించేసుకున్నానంది. మొహం పాలిపోతుంటే చదువు ఎక్కువైందనుకున్నాను. పోయిన సోమవారం కాలేజీ మెట్ల మీద కూలబడిపోయింది. దగ్గరగా ఉందని కాలేజీవాళ్ళు తీసుకెళ్ళింది ఆ పెద్దల ఆసుపత్రికే.

నేను కుట్టుపని ఒళ్ళోంచి కింద పడేసి పరుగెత్తాను. వేళ్ళకి ఇంకా దారం చుట్టుకునే ఉంది. ఆ రక్తం జబ్బుల డాక్టరు నన్ను చూడగానే అన్నాడు, "ఇన్నేళ్ళు రక్తం ఎక్కించుకున్న ఒంట్లోకి కళ్ళు మూసుకుని ఏదో ఒకటి పొయ్యలేనమ్మా. పాత వివరాలు కావాలి. అవి ఈ అమ్మాయివే అని తేలాలి. ఒక్కటే చెప్పండి, ఈమె ఎప్పుడు పుట్టింది?"

మంచం మీద అది కళ్ళు తెరిచే ఉంది. తేదీ ఎవరు మార్పించారో అప్పటికే ఊహించిందట. అయినా నా నోటి నుంచి వినాలని చూస్తోంది. కోపంగా చూసినా బాగుండేది.

చెప్పాను. అబద్ధం నాదే అని కాగితం మీద సంతకం పెట్టాను. డాక్టరు బ్లడ్ బ్యాంకు వాళ్ళతో అరగంట పోట్లాడాడు. సాయంత్రానికి రక్తం ఎక్కడం మొదలైంది.

కళ్ళద్దాలాయన్ని పనిలోంచి ఆపేశారు. విచారణట. జిరాఫీ వార్డుకి వెళ్ళి క్షమించమందామనుకుంటే, బల్ల మీద అమ్మలు జరిగి చోటివ్వలేదు. మా పిల్లల కార్డులన్నీ ఇప్పుడు తిరగేస్తున్నారు నీ వల్లే, అంది పైటతో కళ్ళొత్తుకున్నామె.

అక్కా, పిల్లని బతికించుకుందామనే కదా చేశాను. ఆ కాస్త రక్తం దానికి అందకుండా అడ్డంగా నిలబడింది నేనే.

నీ చెల్లి

సెప్టెంబరు 17

చెల్లీ,

మొన్న నేను వచ్చి వెళ్ళిన రెండు రోజులూ మనం గట్టిగా మాట్లాడుకోలేదు. నువ్వు గిన్నెలు తోముతున్నావు, తోమినవే తోముతున్నావు. అందుకే మళ్ళీ ఉత్తరం.

ముందు తిట్టాల్సినవాళ్ళని తిట్టనివ్వు. పద్దెనిమిదేళ్ళ పిల్ల తన పేరు, తన జబ్బు, తన తేదీ స్పష్టంగా చెప్తుంటే నమ్మని ఆ కిటికీ మనిషిని తిట్టనివ్వు. బుగ్గ గిల్లిందే తప్ప ఒక్కసారైనా "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి, నేను పిల్లతో మాట్లాడతాను" అనని ఆ పిల్లల వార్డుని తిట్టనివ్వు. పద్నాలుగో ఏటి నుంచే మొదలెట్టాల్సిన పని అది. మందు పేరు పిల్లతో చెప్పించడం, కొత్త డాక్టరుని పాత డాక్టరు పక్కన ఉండగానే కలిపించడం, రాని పిల్లకి ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడగడానికి ఒక్క మనిషిని పెట్టడం. చందమామని తెమ్మన్నామా? ఒక్క మనిషి! ఆ ఒక్క జీతం ఆదా చేసినవాడు హాయిగా నిద్రపోతున్నాడు. కూతుర్ని పోగొట్టుకున్న గుమస్తా మీద విచారణ! గొయ్యి తవ్వినవాడు దొర, అందులో పడకుండా అడ్డదారి చూపినవాడు దొంగ. అతను చేసింది తప్పే, పిల్ల ప్రాణం మీదికి తెచ్చిన తప్పు. ఆ తప్పుకి అతన్ని తోసిందెవరో మాత్రం విచారణలో అడగరు, చూడు.

తోసినవాళ్ళలో నా వాక్యం కూడా ఒకటి. నువ్వు ఆ మాట అనలేదు. అనవని తెలుసు కాబట్టి నేనే అంటున్నాను.

ఈసారి వ్యాసం రాసి ముందు కందిరీగకి పంపాను. సగం కొట్టేసింది! ప్రెస్సులో దిద్దుబాటు నా పని, నాకే దిద్దుబాట్లు. 'అభాగ్యురాలు' కొట్టేసి పక్కన "ఎవరు?" అని రాసింది. 'ఆ చిట్టితల్లి' దగ్గర ఒక ప్రశ్న గుర్తు పెట్టి వదిలేసింది. చివర ఒక పేరా తనే రాసింది, గుమస్తా గురించి: "ఆయన్ని శిక్షిస్తే, ఆయన ఎందుకు చేశారో కూడా ఆ కాగితం మీదే రాయండి." అది చదివాక నా పేరాలు పిండి బొమ్మల్లా కనిపించాయి.

నేను నీ దగ్గర దాచిన మాట ఒకటుంది. బిళ్ళలు. నువ్వు చేతిలో పెట్టినవి నాలుక కింద దాచి తర్వాత ఉమ్మేసేదట. ఎందుకే అంటే, "అవి అమ్మ బిళ్ళలు, నావి కావు" అంది. ఒళ్ళు మండింది, ప్రాణాలతో ఈ పంతమేంటి అని అరిచాను. అది నెమ్మదిగా అంది, "అమ్మ రావద్దని కాదు పెద్దమ్మా. నా బదులు అమ్మ మాట్లాడొద్దని."

ఆసుపత్రి నుంచి వచ్చాక డబ్బా తన గదిలో పెట్టుకుందిగా. తీసెయ్యకు. లెక్కపెట్టకు. ఎంత ప్రాణం పోతున్నా లెక్కపెట్టకు.

మంచి జరుగుతుందని నేను మాటివ్వలేను. ఆ హాలు అలాగే ఉంటుంది, ఆ కిటికీ మనిషీ అక్కడే ఉంటాడు. భయపడు. కానీ నీ భయాన్ని దాని నోటికి అడ్డం పెట్టకు.

అక్క

అక్టోబరు 4

అక్కా,

ఇది పెద్దల ఆసుపత్రి హాల్లో కూర్చుని రాస్తున్నాను. ఒళ్ళో సంచి పెట్టుకుని దాని మీద కాగితం పెట్టాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువు. పక్కనున్న పెద్దాయన దగ్గినప్పుడల్లా బల్లంతా కదులుతోంది.

పొద్దున "నువ్వూ వస్తావా?" అంది. చీర మార్చుకునేసరికి మెట్లు దిగిపోయింది. బస్సులో కండక్టరు నా వైపు చూసి "ఒకటి ఫుల్, ఒకటి హాఫ్, అంతేనా?" అన్నాడు. నోటిదాకా వచ్చింది అవునని. "ఆవిడనే అడగండి" అన్నాను. అది నా వైపు తిరిగి చూసింది. "రెండు ఫుల్" అంది. తర్వాత "ఆవిడా?" అని కిటికీ వైపు తిరిగిపోయింది. భుజాలు కదిలాయి. నవ్విందనే అనుకుంటున్నాను. దాని గురించి నేననుకున్నవి ఏవీ నిజం కాలేదు కాబట్టి గట్టిగా చెప్పలేను.

డాక్టరు నన్ను బయట కూర్చోమన్నాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు. వచ్చాక, "ఇనుము ఇంకా ఎక్కువే ఉంది" అని మాత్రం చెప్పింది. బిళ్ళలు వేసుకుంటున్నావా అని అడగలేదక్కా. పళ్ళ బిగువున అడగలేదు. నువ్వు మెచ్చుకోవాలి.

కళ్ళద్దాలాయన విచారణ ఇంకా తేలలేదు. నీ వ్యాసం చివర రాసిన మాటే కందిరీగ విచారణవాళ్ళకీ రాసిచ్చింది, నేనూ వెళ్ళి చేయించింది నేనే అని చెప్పాను. ఆయన ఇంటికి కూడా వెళ్ళాను. మంచినీళ్ళిచ్చాడు. "మీ అమ్మాయి వెళ్తోందా?" అన్నాడు. వెళ్తోందన్నాను. "రెండోసారా?" అన్నాడు. అవునన్నాను.

ఇదిగో, ఇప్పుడే దాన్ని లోపల మంచం మీద పడుకోబెట్టారు. తెర లాగేశారు. కొత్త సిస్టర్, ముక్కు మొహం తెలియదు. ఏ చెయ్యి, ఏ సూది, చెప్పాలని లేచాను. లేచినదాన్ని తెర ఇవతలే నిలబడిపోయాను. లోపల్నించి వినిపిస్తోంది: "ఎడమ చేతికండీ. మణికట్టుకి పైన. సన్న సూది ఉందా?" ఉందట. మొదటిసారి గుచ్చితే దొరకలేదు, "అబ్బా" అంది. నా గోళ్ళు అరచేతిలో దిగాయి. రెండోసారికి దొరికింది.

ఇక్కడ రక్తం సంచీ తగిలించే ముందు ఇద్దరు సిస్టర్లు మంచానికి చెరోపక్క నిలబడతారు. సంచీ మీద ఉన్నది చదివి వినిపించరు, మనిషినే అడుగుతారు, మనిషి చెప్పింది సంచీతో సరిచూసుకుంటారు. మంచం మీద ఉన్నవాళ్ళే చెప్పాలి. పక్కవాళ్ళు చెప్తే ఒప్పుకోరు.

"పేరు?" అన్నారు. చెప్పింది.

"పుట్టిన తేదీ?"

అది పుట్టినప్పటి నుంచీ, ఎవరడిగినా ఆ తేదీ చెప్పింది నేనే అక్కా. బడిలో, వార్డులో, కార్డుల గదిలో. ఒకసారి అబద్ధం కూడా చెప్పాను. అది తన నోటితో చెప్తుంటే నేను ఎప్పుడూ వినలేదు.

ఆగస్టు పందొమ్మిది అంది. సంవత్సరం కూడా చెప్పింది, ఒక్కో అంకె విడివిడిగా, అటువైపు రాసుకునేవాళ్ళు పొరపడకుండా. తెర ఇవతల నా పెదాలు కదిలాయి. గొంతు మాత్రం దానిది.

నీ చెల్లి